పాత చీర గుడ్డ నుంచి ప్యాడ్ దాకా: మన దిక్కు ఆడవాళ్లు ఏం వాడేవాళ్లు?

కుడుకబెల్లం (దేవరకొండ)
అందరికీ నమస్కారం. ఆడపిల్లల హాస్టల్ ఉన్న బడిలో సైన్స్ చెప్తాను. మొన్న పునరుత్పత్తి పాఠం నడుస్తుంటే ఒక పిల్ల లేచి "టీచర్, ప్యాడ్లు రాకముందు ఏం చేసేవాళ్లు?" అని అడిగింది. గుడ్డ వాడేవాళ్లు అన్నాను. అంతే, ప్రశ్నలు మొదలయ్యాయి. ఏ గుడ్డ? అప్పుడు చెడ్డీలు లేవు కదా, ఎట్ల నిలబడేది? ప్యాడ్ ఎవరు కనిపెట్టారు? పుస్తకంలో ఇవేవీ లేవు. మీ అవ్వలు, అమ్మమ్మలు చెప్పినవి రాయండి. ప్యాడ్ చరిత్ర తెలిసినవాళ్లు అదీ రాయండి. వాట్సాప్ ఫార్వర్డ్‌లు మాత్రం వద్దు, పిల్లలకు చెప్పాలి.

పానగల్లుపిల్ల (నల్లగొండ)
అక్కా, నెట్‌లో ఎక్కడ చూసినా ఈజిప్టు ఆడవాళ్లు పాపిరస్ అనే రెల్లుతో టాంపన్లు (నెలసరికి లోపల పెట్టుకునే వత్తులు) చేసుకునేవాళ్లని, గ్రీకులు కర్రపుల్లకు నూలు చుట్టేవాళ్లని, అది హిప్పోక్రటీస్ రాశాడని ఉంది. ఇది చెప్పొచ్చా?

చరిత్రపిచ్చి (వనపర్తి)
వద్దు చెల్లె. హిప్పోక్రటీస్ పేరు మీద ఉన్న గ్రంథాల్లో మందు పూసిన వత్తులు లోపల పెట్టే చికిత్సలు ఉన్నాయి. అవి రోగాలకు. నెలసరి కోసం కర్రకు చుట్టిన నూలు అన్న మాట అందులో లేదని ప్రాచీన గ్రీకు వైద్యం మీద పనిచేసిన హెలెన్ కింగ్ చెప్పారు. ఈజిప్టు కథకు కూడా గట్టి ఆధారం లేదు. ఒకరు రాసింది చూసి ఇంకొకరు రాసుకుంటూ పోయారు.

కాగితాల్లో దొరికే కథ చాలా దగ్గరిది. 1890ల్లో అమెరికాలో జాన్సన్ అండ్ జాన్సన్ వాడిపారేసే ప్యాడ్లు తెచ్చింది కానీ అవి సాగలేదు. దుకాణంలో నోరు తెరిచి అడిగే ధైర్యం ఎవరికి ఉంది? తర్వాత మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. గాయాలకు కట్టడానికి దూది చాలక, కింబర్లీ క్లార్క్ అనే కాగితం కంపెనీ చెక్క గుజ్జుతో చేసిన సెల్యుకాటన్‌ను సైన్యానికి అమ్మింది. దూది కంటే ఎక్కువ పీల్చేది, ధరా తక్కువ. ఫ్రాన్స్‌లో పనిచేసిన నర్సులు ఆ కట్టు గుడ్డనే తమ నెలసరికి వాడుకున్నారు. 1918లో యుద్ధం ఆగిపోయింది. ఆర్డర్లు ఆగిపోయి సరుకు మిగిలింది. దాన్నే 1920లో కోటెక్స్ అనే పేరుతో ప్యాడ్లుగా అమ్మకానికి పెట్టారు.

అప్పుడు కూడా ఆడవాళ్లు కౌంటర్ దగ్గర అడగలేకపోయారు. అందుకని దుకాణంలో ప్యాకెట్ల పక్కన ఒక డబ్బా పెట్టారు. ప్యాకెట్ తీసుకో, డబ్బాలో పైసలు వెయ్యి, ఎవరితో మాట్లాడకుండా వెళ్లిపో. పైన అట్ట మీద బొమ్మ కూడా ఉండేది కాదు.

మందులషాపు (జడ్చర్ల)
అన్నా, వంద ఏళ్లయినా ఏం మారింది? నా దగ్గర నల్ల కవర్లు ఈ ఒక్క సరుకుకే అయిపోతాయి. కవర్ వద్దులెమ్మా, ప్లాస్టిక్ కదా అంటే కోపంగా చూస్తారు. పక్కన మగవాళ్లుంటే దగ్గు గోలీ అడిగి, వాళ్లు పోయేదాకా నిలబడి, అప్పుడు "అది" ఒకటి ఇవ్వమంటారు. కండోమ్ అడిగే మొగోడు కూడా అంత బెదరడు.

గద్వాలజరీ (గద్వాల)
టీచరమ్మా, మా నానమ్మను అడిగి రాస్తున్న. ముందు "ఛీ పో" అంది, తర్వాత ఆపకుండా చెప్పింది.

పాత నూలు చీరలే. నేసేవాళ్ల ఇల్లు కాబట్టి మా ఇంట్లో నూలుకు కరువు లేదు. బాగా ఉతికి ఉతికి మెత్తబడ్డ చీరను జానెడు వెడల్పున చింపి, మడతలు పెట్టేవాళ్లు. నడుముకు ఒక తాడు. ఆ తాడుకు ముందు ఒక కొస, వెనుక ఒక కొస దోపి లాగి కట్టేవాళ్లు. చీర కూడా గోచి పోసి కట్టుకుంటే జారేది కాదట. పొలంలో నాట్లు వేసేటప్పుడు నీళ్లలోనే పని కాబట్టి మరక పడ్డా తెలిసేది కాదని నవ్వింది. ఎండాకాలం మాత్రం తొడలు ఒరుసుకొని పుండ్లు పడేవి, ఆముదం రాసుకునేవాళ్లు.

ఉతకడానికి వాగుకు పోయేది, చీకటితో. ఆరేసేది ఎక్కడంటే పశువుల కొట్టంలో, లేకపోతే తీగ మీద గుడ్డ వేసి దాని మీద చీర కప్పేది. మగవాళ్ల కంట పడకూడదు. దాచేది గోడ గూట్లో, పాత డబ్బాలో. మళ్లీ నెల వచ్చేసరికి అందులో జెర్రి ఉండేది ఒక్కోసారి.

ఇంకోమాట అంది, నాకు అదే కొత్తగా అనిపించింది. నైలాన్, పాలిస్టర్ చీరలు వచ్చాక కష్టమైందట. ఉతకడం సులువని, చిరగదని అందరూ అవే కొన్నారు. ఇంట్లో పాత నూలు చీర దొరకదు. పాలిస్టర్ గుడ్డ పీల్చదు, జారిపోతుంది, ఒళ్లు కోస్తుంది. మా అమ్మ పడ్డ అవస్థ మా నానమ్మ పడలేదట.

కుడుకబెల్లం (దేవరకొండ)
ఇది నేను ఎక్కడా చదవలేదు! నానమ్మకు నా దండాలు చెప్పండి. ఈ పాలిస్టర్ సంగతి తప్పకుండా చెప్తాను పిల్లలకు.

సబ్‌సెంటర్అక్క (అచ్చంపేట)
ఏఎన్ఎంను. గుడ్డ అంటే మురికి, ప్యాడ్ అంటే శుభ్రం అని మాకు ట్రైనింగుల్లో చెప్పేవాళ్లు. ఊళ్లలో తిరిగాక నాకు ఆ మాట నచ్చదు. శుభ్రమైన నూలు గుడ్డ, సబ్బుతో ఉతికి నేరుగా ఎండలో ఆరేస్తే ఏ దోషం లేదు. తడి ఆరని గుడ్డతోనే తంటా. కొట్టంలో, చీర కింద, చీకట్లో ఆరేస్తే తడి పోదు, బూజు, క్రిములు పెరుగుతాయి. సిగ్గుతో దాచడం వల్ల వచ్చిన జబ్బును గుడ్డ మీద వేశాం.

అట్లని గుడ్డ వాడేవాళ్లు లేకుండా పోలేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 24 ఏళ్ల అమ్మాయిల్లో 64 శాతం ప్యాడ్లు వాడుతున్నారని, 50 శాతం గుడ్డ వాడుతున్నారని ఉంది. కలిపితే వంద దాటుతుందేమని అడగకండి, బడికి ప్యాడ్, ఇంట్లో గుడ్డ వాడేవాళ్లు రెండూ చెప్తారు.

పానగల్లుపిల్ల (నల్లగొండ)
మరి ప్యాడ్‌లో ఉండేది దూదే కదా? మా జిల్లాలో ఇంత పత్తి పండుతుంది, జిన్నింగ్ మిల్లులు ఉన్నాయి. మనమే చేసుకోవచ్చు కదా అని డౌట్.

చరిత్రపిచ్చి (వనపర్తి)
మామూలు ప్యాడ్‌లో పత్తి ఉండదు. మధ్యలో చెక్క గుజ్జు, అందులో నీటిని పీల్చి జెల్లీలా మారే పొడి. పైపొర పాలీప్రొపిలీన్, కిందిది పాలిథిన్. ఆ పొడి వచ్చాకే ప్యాడ్లు ఇంత పలచబడ్డాయి. కింద అంటించే జిగురు 1970 ప్రాంతంలో వచ్చింది. అంతకుముందు అమెరికాలో కూడా నడుముకు బెల్టు కట్టి, ముందూ వెనుక ప్యాడ్ కొసలు తగిలించేవాళ్లు. గద్వాలజరీ వాళ్ల నానమ్మ తాడు లెక్కనే.

మనమే చేసుకోవడం అంటే, కోయంబత్తూరు దగ్గర అరుణాచలం మురుగనాథం చేసింది అదే. ఆయన కూడా మొదట దూదితో చేసి ఓడిపోయారు. కంపెనీలు వాడేది చెక్క గుజ్జు అని తెలుసుకోవడానికే ఏళ్లు పట్టింది. తర్వాత మహిళా సంఘాలు నడుపుకునే చిన్న యంత్రం తయారుచేశారు. 2016లో పద్మశ్రీ ఇచ్చారు.

మందులషాపు (జడ్చర్ల)
ఇంకొకటి నేను చెప్తా. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు ప్యాడ్ల మీద 12 శాతం వేశారు. గాజులకు, కుంకుమకు సున్నా. గొడవ అయ్యాక ఏడాదికి, 2018 జులైలో తీసేశారు. జన ఔషధి దుకాణాల్లో ప్యాడ్ ఒకటి రూపాయికి 2019 నుంచి ఇస్తున్నారు. నా గిరాకీ పోతుంది కానీ చెప్పక తప్పదు.

నల్లగొండబిడ్డ
అడ్మిన్ గారూ, ఇదంతా బహిరంగంగా మాట్లాడుకునే విషయమా? మా తల్లిదండ్రులు కూడా చూసే వేదిక ఇది. అయినా పెద్దలు దూరం కూర్చోబెట్టింది ఊరికే కాదు, ఆ మూడు రోజులు ఆడవాళ్ల ఒంట్లో విషం ఉంటుంది, మొక్కలు ముట్టుకుంటే వాడిపోతాయి అని సైన్స్ కూడా ఒప్పుకుంది.

గద్వాలజరీ (గద్వాల)
తమ్ముడూ, ఆ విషం సంగతి మా దగ్గరికి వచ్చి చూడు. మా దిక్కు సీడ్ పత్తి, అంటే విత్తనాల కోసం వేసే పత్తి. పువ్వు పువ్వుకూ చేత్తో క్రాసింగ్ చెయ్యాలి. ముట్టు ఉన్న ఆడది చేనులో అడుగుపెడితే పూత రాలుతుందని రానియ్యరు. అందుకని ఇంకా పెద్దమనిషి కాని చిన్నపిల్లలను బడి మాన్పించి తెచ్చేవాళ్లు. నేనూ చేసిన చిన్నప్పుడు. పెద్దమనిషి అయ్యాక మానేయమన్నారు, కూలి పోయింది. కూలి అవసరమున్న వదినలు మాత్రం ముట్టయినా చెప్పకుండా వచ్చేవాళ్లు. పూత ఏమీ రాలలేదు.

చరిత్రపిచ్చి (వనపర్తి)
"సైన్స్ ఒప్పుకుంది" అన్నది ఎక్కడిదో చెప్తాను. 1920లో వియన్నాలో బేలా షిక్ అనే డాక్టరు, డిఫ్తీరియా పరీక్షకు పేరుపొందిన పెద్ద మనిషే, తన ఇంట్లో పనిచేసే ఆమె చేతికి పువ్వులిస్తే వాడిపోయాయని, ఆమె నెలసరిలో ఉందని, చెమటలో ఒక విషం ఉంటుందని రాశాడు. దానికి మెనోటాక్సిన్ అని పేరు పెట్టాడు. అమెరికాలో డేవిడ్ మాక్ట్ మొలకల మీద ప్రయోగాలు చేసి ఔనన్నాడు. ఏళ్ల తరబడి పత్రికల్లో నడిచింది. సరిగా పోల్చి చూసిన ప్రయోగాల్లో అది నిలబడలేదు, ఆ విషం ఎవరికీ దొరకలేదు. వియన్నా డాక్టరూ, గద్వాల సీడ్ రైతూ ఒకే మాట నమ్మారు. మనవాళ్లనే మూఢులని తిట్టాల్సిన పని లేదు. కానీ వందేళ్ల కిందటి తప్పును సైన్స్ అనొద్దు.

అడ్మిన్
చర్చ మర్యాదగానే ఉంది. తీసేయం. ఇబ్బంది ఉన్నవారు చదవకపోతే సరి.

పుణెపాలమూరు (మక్తల్, ఇప్పుడు పుణె)
అక్కలకు నమస్తే. సెంట్రింగ్ పని. నా భార్య సిమెంటు మాల్ మోస్తది. సైట్‌లో బాత్రూం లేదు, ఉన్నా తలుపు ఉండదు. పొద్దున పెట్టుకున్న ప్యాడ్ రాత్రికే తీసేది. నీళ్లు తాగితే మూత్రం వస్తదని నీళ్లు కూడా తాగదు. గుడ్డ ఉతికి ఆరేసే జాగ లేదు. ఇక్కడ ప్యాడ్లే దిక్కు.

పడేసేది కూడా ఇక్కడే నేర్చుకున్నం. ఈ ఊర్లో చెత్త ఏరేవాళ్లకు స్వచ్ అని సహకార సంఘం ఉంది. వాళ్లు ప్యాడ్‌ను పేపర్‌లో చుట్టి పైన ఎర్ర చుక్క పెట్టమన్నరు. విడిగా పడేస్తే ఆ రక్తం వాళ్ల చేతులకు అంటుతది కదా. మా ఊరికి పోతే చెరువు కట్ట కిందనే పడేస్తరు.

సబ్‌సెంటర్అక్క (అచ్చంపేట)
అన్నా, వదినను పొద్దంతా ఒక్కటే ఉంచుకోవద్దని చెప్పండి. నాలుగు నుంచి ఆరు గంటలకొకసారి మార్చాలి. మూత్రం ఆపుకోవడం ఇంకా చెడ్డది, ఇన్ఫెక్షన్ అయి కిడ్నీ దాకా పోతుంది. మేస్త్రీని అడిగి నలుగురు ఆడవాళ్లకు కలిపి ఒక రేకుల తడక కట్టించుకోండి.

పానగల్లుపిల్ల (నల్లగొండ)
కప్పు గురించి ఎవరూ మాట్లాడలేదు, అదే లోపల పెట్టుకుంటే నెలసరి రక్తాన్ని పట్టేది. నేను వాడుతున్నా. చెత్త లేదు, ఒకసారి కొంటే ఏళ్లు వస్తుంది. అమ్మకు తెలిస్తే చంపేస్తుంది 😅 పెళ్లి కాని పిల్ల లోపల పెట్టుకోవడమేంటని.

గద్వాలజరీ (గద్వాల)
నాకు భయం. లోపలే ఉండిపోతే?

పెద్దాసుపత్రిడాక్టరమ్మ (నల్లగొండ)
ఉండిపోదు. అవతల గర్భసంచి మూతి మూసుకునే ఉంటుంది, కప్పు పోవడానికి జాగా లేదు. 1937లోనే లియోనా చామర్స్ అనే అమెరికన్ నటి దీనికి పేటెంట్ తీసుకుంది. అప్పుడు రబ్బరుతో చేసేవాళ్లు, యుద్ధంలో రబ్బరు దొరక్క ఆగిపోయింది. ఇప్పుడు సిలికాన్. 2019లో లాన్సెట్ పత్రికల్లో 43 అధ్యయనాలను కలిపి చూసి, లీకేజీ ప్యాడ్లు, టాంపన్లతో సమానం లేదా ఇంకా తక్కువ, సురక్షితం అని రాశారు. ప్రతి నెలా నీళ్లలో మరిగించాలి, పెట్టేముందు చేతులు కడుక్కోవాలి. ఆ నీళ్లూ బాత్రూమూ లేనివాళ్లకు, అంటే పుణెలో ఉన్న ఆ చెల్లెలికి, నేను చెప్పను.

ఏదైనా లోపల గంటల తరబడి మరిచిపోతే ప్రమాదమే. 1980లో అమెరికాలో రిలై అనే టాంపన్‌ను కంపెనీ వెనక్కి తీసుకుంది. బాగా ఎక్కువ పీల్చేలా చేశారు, చాలాసేపు మార్చే పని లేదు. అందులో స్టెఫిలోకాకస్ క్రిమి విషం తయారై టాక్సిక్ షాక్ వచ్చి ఆడవాళ్లు చనిపోయారు.

మందులషాపు (జడ్చర్ల)
డాక్టరమ్మ వచ్చారు కాబట్టి అడుగుతున్నా. బతుకమ్మ ముందు వారం, పెళ్లిళ్ల సీజన్, కురుమూర్తి జాతర. డేట్ ఆలస్యం చేసే గోలీలు అడిగేవాళ్లు వరస కడతారు. చీటీ ఉండదు. ఇవ్వనంటే పక్క షాపుకు పోతారు.

పెద్దాసుపత్రిడాక్టరమ్మ (నల్లగొండ)
చీటీ లేకుండా ఇవ్వకండి. అది నోరెథిస్టెరాన్, హార్మోన్ మందు. ఎప్పుడో ఒకసారి వాడితే చాలామందికి ఏమీ కాదు. కానీ కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లకు, లివర్ జబ్బు ఉన్నవాళ్లకు, గర్భం ఉందేమోనని అనుమానం ఉన్నవాళ్లకు వద్దు. ఒక్క పండగకే అయితే సరే. శ్రావణం పూజకు, బతుకమ్మకు, యాదగిరిగుట్టకు, మేనకోడలి పెళ్లికి అని ఏడాదంతా మింగి, డేట్లు తారుమారై నా దగ్గరికి వస్తారు. వాళ్లకు ఏ జబ్బూ ఉండదు.

గద్వాలజరీ (గద్వాల)
డాక్టరమ్మా, తెల్లబట్ట గురించి చెప్పండి. దానికి ఏవో వాష్‌లు అమ్ముతున్నారు, వాడొచ్చా?

పెద్దాసుపత్రిడాక్టరమ్మ (నల్లగొండ)
నీళ్లలా, గుడ్డు తెల్లసొనలా, వాసన లేకుండా అయ్యేది జబ్బు కాదు. డేట్‌కూ డేట్‌కూ మధ్యలో ఎక్కువ కూడా అవుతుంది. దాంతో బలం పోదు, ఎముకలు కరగవు. దురద ఉంటే, పెరుగు విరిగినట్లు పడితే, చేపల వాసన వస్తే, పసుపుపచ్చగా ఉంటే అప్పుడు ఇన్ఫెక్షన్. ప్రభుత్వ ఆసుపత్రుల సురక్ష క్లినిక్‌లో దీనికి పచ్చ రంగు కిట్ ఉచితంగా ఇస్తారు. భర్తకు కూడా వైద్యం కావాలా అన్నది చూసి చెప్తారు.

లోపల కడగొద్దు. ఏ వాష్‌తోనూ. అక్కడ మేలు చేసే బ్యాక్టీరియా లాక్టిక్ ఆమ్లం తయారుచేసి పులుపుగా ఉంచుతుంది, పీహెచ్ 3.8 నుంచి 4.5. కడిగితే అది పోయి చెడ్డ క్రిములు వస్తాయి. బయట మామూలు నీళ్లు చాలు.

చరిత్రపిచ్చి (వనపర్తి)
అమెరికాలో 1920ల నుంచి లైసాల్‌ను, అవును నేల కడిగే లైసాల్‌నే, ఆడవాళ్లు లోపల కడుక్కోవాలని ప్రకటనలు వేశారు. నీ భర్త నీకు దూరం కావడానికి ఇదే కారణం అన్నట్లు బొమ్మలు. కాలిన గాయాలయ్యాయి, ప్రాణాలు కూడా పోయాయి. ముందు సిగ్గు పుట్టించి తర్వాత సీసా అమ్మే పద్ధతి ఇప్పటిది కాదు.

గద్వాలజరీ (గద్వాల)
అసలు సంగతి ఇప్పుడు చెప్తా. మా వదినకు 38 ఏళ్లు. తెల్లబట్ట, నడుము నొప్పి, డేట్ ఎక్కువ అవుతుందని పోతే, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్కాన్ తీసి గర్భసంచిలో గడ్డ ఉంది, ఉంచితే క్యాన్సర్ అవుతుంది, తీసేద్దాం అన్నారు. పిల్లలు ఇద్దరు, ఇంకా పుట్టకుండా ఆపరేషన్ కూడా అయింది, ఇంకా ఎందుకు ఆ సంచి అని మా అన్న కూడా ఒప్పుకున్నాడు. వచ్చే వారం డేట్. మా వాడలో ఇట్ల తీయించుకోని ఆడది లేదు.

పెద్దాసుపత్రిడాక్టరమ్మ (నల్లగొండ)
డేట్ ఆపించండి. ఇది ఎమర్జెన్సీ కాదు. గడ్డ ఎంత సైజు రాశారు?

గద్వాలజరీ (గద్వాల)
రెండు సెంటీమీటర్లు అని ఉంది.

పెద్దాసుపత్రిడాక్టరమ్మ (నల్లగొండ)
అది ఫైబ్రాయిడ్, అంటే క్యాన్సర్ కాని కండ గడ్డ, అయి ఉంటుంది. చాలామంది ఆడవాళ్లకు ఉంటాయి, క్యాన్సర్‌గా మారడం చాలా అరుదు. ముట్లుడిగాక చాలావరకు వాటంతట అవే చిన్నవవుతాయి. రక్తం ఎక్కువ పోవడానికి ముందు గోలీలు ఉన్నాయి, గర్భసంచిలో పెట్టే, హార్మోన్ వదిలే లూప్ ఉంది, అది కొన్నేళ్లు పనిచేస్తుంది. రక్తం తక్కువుంటే ఐరన్ ఎక్కించాలి. గర్భసంచి మూతికి స్క్రీనింగ్ పరీక్ష చెయ్యాలి, అవసరమైతే లోపలి పొర ముక్క తీసి చూడాలి. ఇవన్నీ అయ్యాక కూడా తగ్గకపోతే అప్పుడు తీయడం. కొందరికి తీయాల్సిందే, కాదనను.

తీసేవాళ్లు కొందరు అండాశయాలు కూడా తీసేస్తారు. 38 ఏళ్లకే ముట్లుడిగినట్లు. ఒళ్లు మంటలు, నిద్ర ఉండదు, ఎముకలు గుల్లబారతాయి. మర్రిగూడ, చండూరు దిక్కు నుంచి వచ్చే ఆడవాళ్ల కీళ్లు ఫ్లోరైడ్ నీళ్లతో ముందే పాడై ఉంటాయి, వాళ్లకు ఇది రెండో దెబ్బ. నలభై దాటకుండానే మంచం పట్టినవాళ్లను చూస్తున్నాను.

మీ వాడ ఒక్కటే కాదు. 2015–16 కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, మన తెలంగాణలో 7.7. దేశంలో ముందున్నవి ఈ రెండు తెలుగు రాష్ట్రాలే. ఆరోగ్యశ్రీలో ప్రైవేటు ఆసుపత్రుల్లో ఈ ఆపరేషన్లు మరీ పెరిగిపోతే అప్పట్లో వాటిని ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేశారు. అనవసరంగా తీయకుండా ఉండేందుకు కేంద్రం మార్గదర్శకాలు చేస్తే, వాటిని అమలు చెయ్యాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది.

సబ్‌సెంటర్అక్క (అచ్చంపేట)
పొలం పని చేసేవాళ్లు నెలకు మూడు నాలుగు రోజుల కూలి పోతుందని, దూరం కూర్చోవడం తప్పుతుందని కూడా తీయించుకుంటారు డాక్టరమ్మా. డాక్టరే చెప్పాలని లేదు, వాళ్లే అడుగుతారు.

పెద్దాసుపత్రిడాక్టరమ్మ (నల్లగొండ)
నిజమే. నా ముందు కూర్చుని బతిమాలినవాళ్లు ఉన్నారు. ఆ రోజు ఓపీలో వంద మంది ఉంటే విడమరిచి చెప్పే తీరిక నాకూ ఉండదు.

కుడుకబెల్లం (దేవరకొండ)
మేడం, మా పిల్లలకు వచ్చి మాట్లాడతారా? ప్యాడ్ చరిత్ర నేను చెప్తా. తెల్లబట్ట, గర్భసంచి మీరు చెప్పండి. వాళ్ల అమ్మలను కూడా పిలుస్తా, అమ్మలకే ఎక్కువ అవసరమనిపిస్తుంది.

పెద్దాసుపత్రిడాక్టరమ్మ (నల్లగొండ)
శనివారమైతే వస్తాను. అబ్బాయిలు కూడా ఉంటే కూర్చోబెట్టండి.

గద్వాలజరీ (గద్వాల)
డాక్టరమ్మా, అన్నతో మాట్లాడిన. అడ్వాన్స్ కట్టినం, తిరిగి ఇవ్వరేమో అని అంటున్నాడు. అయినా మీకు చూపిస్తాం అన్నాడు. మీ దాకా రావాలంటే పొద్దున బస్సు ఎక్కాలి. బుధవారం మీరు ఉంటారా?

పెద్దాసుపత్రిడాక్టరమ్మ (నల్లగొండ)
ఉంటాను, పన్నెండు లోపల రండి. ఇంత దూరం రాలేమంటే మహబూబ్‌నగర్ పెద్దాసుపత్రిలో గైనిక్ ఓపీకి వెళ్లండి, అదే చూస్తారు. స్కాన్ ఫిల్మ్‌లు, రక్త పరీక్షలు, ఇప్పటిదాకా మింగిన గోలీల అట్టలు అన్నీ తెండి. పోయిన మూడు డేట్లు ఏ తారీఖున వచ్చాయో, రోజుకు ఎన్ని ప్యాడ్లు మార్చిందో వదినను గుర్తుచేసుకొని రాసుకురమ్మనండి.

గద్వాలజరీ (గద్వాల)
ఆమె గుడ్డ వాడతది.

పెద్దాసుపత్రిడాక్టరమ్మ (నల్లగొండ)
అయితే ఎన్ని గుడ్డలో రాసుకురమ్మనండి. రక్తం గడ్డలు పడ్డాయా, ఎంత సైజో కూడా.